కొర్రబయలు దాటి... తాజంగి చెరువు దాకా!

ఒకప్పుడు అది కార్తీక వనభోజనాల చోటు. బడి పిల్లలు వరసకట్టి వెళ్లే విహారం. పేరున్న పార్కు కాదు, టిక్కెట్టూ లేదు. ఆ గట్టు మీద ఆడుకుని ఉద్యోగాలకు ఊళ్లు పట్టి పోయినవాళ్లు ఇప్పుడు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగొస్తున్నారు. వచ్చి చూస్తే... గట్టు నిండా జనం!

డిసెంబరు వచ్చిందంటే చాలు, శనివారం అర్ధరాత్రి దాటాక నర్సీపట్నం రోడ్లకు నిద్ర ఉండదు. విశాఖ, అనకాపల్లి, తుని, రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చిన కార్లు, మోటారు సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి ఘాట్ రోడ్డు ఎక్కుతాయి. తెల్లారేలోపు లంబసింగి చేరాలి. చేరితేనే మంచు. ఎండెక్కితే మంచూ ఉండదు, అంతదూరం వచ్చిన సంబరమూ ఉండదు.

ఆ బారులో కొన్ని బళ్లు మాత్రం లంబసింగి కూడలిలో ఆగవు. చలిమంటల చుట్టూ మూగిన జనాన్నీ, పొగలు కక్కే టీ గ్లాసులనూ దాటుకుని నేరుగా ముందుకు పోతాయి. ఆరేడు కిలోమీటర్ల దూరంలోని తాజంగి జలాశయం దగ్గర ఆగుతాయి. అందులోంచి దిగేవాళ్లు ఫోను పైకెత్తరు. ముందు గట్టు వెంట అటూ ఇటూ చూస్తారు. దేనికోసమో వెతుకుతారు. పిల్లలు చలికి ముడుచుకుని కారులోనే కూర్చుంటే, పెద్దవాళ్లు మాత్రం నీళ్ల వైపు వేలు చూపించి ఏదో చెబుతుంటారు... అక్కడ అన్నం వండుకున్నాం, ఇక్కడ బ్యాటు పోగొట్టుకున్నాం అని!

వీళ్లు పర్యాటకులు కారు. చింతపల్లి పరిసరాల్లో బాల్యం గడిపి వెళ్లినవాళ్లు. నాన్న మాస్టారో, అటవీ శాఖ ఉద్యోగో, వ్యవసాయ పరిశోధన స్థానంలో పనిచేసేవారో అయివుంటారు. బదిలీ అయిందని మూటాముల్లే సర్దుకుని కొండ దిగిపోయిన కుటుంబాలు. పాతికేళ్ల కిందట వీళ్లకు 'టూరిజం' అన్న మాటే తెలీదు. తాజంగి వాళ్లకు ఉత్త చెరువు. కార్తీక మాసంలో ఓ ఆదివారం పెద్దవాళ్లంతా కలిసి గిన్నెలు, గరిటెలు, కూరగాయల బుట్టలు వేసుకుని వెళ్లే చోటు. ఉసిరి చెట్టు దొరికితే సరే, లేకపోతే ఏదో ఒక చెట్టు నీడ. పులిహోర విస్తళ్లు పరిచేసరికి మిట్టమధ్యాహ్నం. పులుసు చల్లారేలోపు ఎండ వాలిపోయేది. సాయంత్రం నాలుగున్నరకే స్వెట్టర్లు తొడిగి, చెవులకు మఫ్లర్లు చుట్టి ఇంటికి లాక్కుపోయేవారు.

విశాఖ పిల్లలకు ముడసర్లోవ పార్కు ఎలాగో, అరకు వెళ్లినవాళ్లకు పద్మాపురం తోట ఎలాగో... చింతపల్లి పిల్లలకు తాజంగి అలాగ. తేడా ఒక్కటే. ముడసర్లోవలో కంచె ఉంది, పద్మాపురంలో గేటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన ఆ తోటకు ఓ చరిత్రా ఉంది. తాజంగికి కంచె లేదు, గేటు లేదు. పొలాలకు నీళ్లివ్వడానికి కట్టిన జలాశయం అది. అందం దానికి కొసరు!

కర్రలా బిగుసుకుపోయే ఊరు

లంబసింగికి మరో పేరుంది... కొర్రబయలు. కొర్ర అంటే కర్ర. రాత్రి ఎవరైనా ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారట. అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. 'ఆంధ్రా కశ్మీర్' అన్నది తర్వాత ఎవరో తగిలించిన బిరుదు. నిజానికి కశ్మీరుతో పోలిక ఎందుకు? కొర్రబయలు అన్న ఒక్క మాటలోనే చలంతా ఉంది.

సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరిది. ఆ ఎత్తు ఒక్కటే అయితే ఇంత చలి వేయకూడదు. అరకూ అంతే ఎత్తు కదా! అసలు సంగతి నేల అమరికలో ఉంది. చలికాలం రాత్రుళ్లు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పగలు నేల పీల్చుకున్న వేడిని పట్టి ఉంచే మబ్బు ఉండదు. వేడంతా పైకి పోతుంది. కొండవాలున చల్లబడ్డ గాలి బరువెక్కి, నీళ్లు జారినట్టు జారి పల్లంలోకి చేరుతుంది. చుట్టూ కొండలు ఉండటంతో బయటికి పోయే దారి సరిగా దొరకదు. తెల్లవారుజామున ఆ గాలిలోని తేమ మంచుపొగగా మారుతుంది. జలాశయం దగ్గరైతే మరో వింత. రాత్రంతా గాలి చల్లబడినంత త్వరగా నీరు చల్లబడదు. అందుకే ఉదయాన్నే నీటి మీద నుంచి పొగలు లేస్తాయి. అచ్చం పొయ్యి మీద ఎసరు పెట్టినట్టే! చిన్నప్పుడు తాజంగి చెరువు అడుగున ఎవరో వంట చేస్తున్నారని నమ్మిన పిల్లలు లేకపోలేదు.

అన్నట్టు, లంబసింగిలో సున్నా డిగ్రీలంటూ చలికాలంలో వచ్చే వార్తల్లోని అంకెలు చాలాసార్లు చింతపల్లిలోని ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన స్థానంలో నమోదైనవే. లంబసింగి చౌరస్తాలో ఎవరూ ఉష్ణోగ్రతమాపకం పట్టుకుని నిలబడరు. ఒంటిమీద రెండు స్వెట్టర్లున్నా పళ్లు టకటకలాడుతుంటే అంకెతో పనేముంది గనక!

పసుపు పచ్చ చేల వెనక

తిరిగొచ్చినవాళ్లు మొట్టమొదట వెతికేది వలిసె పూలనే. ఒడిసలనీ, వెర్రి నువ్వులనీ కూడా అంటారు. ఆగస్టు ప్రాంతంలో విత్తితే, అక్టోబరు చివరికల్లా కొండవాలంతా పసుపు ముద్దే. ఇథియోపియా పుట్టిల్లయిన ఈ నూనెగింజ తూర్పు కనుమల్లో ఎప్పుడో స్థిరపడిపోయింది. పెట్టుబడి తక్కువ, ఎరువుల ఊసు ఉండదు. గింజల్లోంచి నూనె, పూల మీద తేనెటీగలు. వెనకటి పిల్లలకైతే మెట్ట చేలలో దాగుడుమూతలు.

ఇప్పుడా చేలు సినిమా పాటల్లోకి, పెళ్లికి ముందు తీయించుకునే ఫొటోల్లోకి ఎక్కాయి. అరకు వైపు కొందరు రైతులు చేలోకి అడుగుపెట్టడానికి తలా కొంత రుసుము తీసుకుంటున్నారు. పూల చేలోకి డబ్బు తీసుకుని పంపడమేమిటని ముక్కున వేలేసుకునేవాళ్లున్నారు. చేలో నలుగురు అటూ ఇటూ పరిగెత్తి ఫొటోలు దిగితే ఎన్ని మొక్కలు నలుగుతాయో, ఎన్ని పువ్వులు గింజ కట్టకుండానే రాలిపోతాయో లెక్కేస్తే ఆ రుసుము తక్కువే!

వలిసెకు మరో శత్రువు ఉంది. దాని పేరు మాత్రం అందంగా ఉంటుంది... బంగారు తీగ. ఆకుల్లేని పసుపు దారాల్లా మొక్కలను అల్లుకుని, వాటి రసం పీల్చి బతికే పరాన్నజీవి. దూరం నుంచి చూస్తే చేనుకు జరీ అంచు కుట్టినట్టుంటుంది. ఫొటోలో బ్రహ్మాండంగా వస్తుంది కూడా. రైతుకు మాత్రం గుండె గుభేలుమంటుంది. దాని విత్తనాలు వలిసె గింజల్లో కలిసిపోయి మరుసటేడు మళ్లీ మొలుస్తాయి. చిన్నప్పుడు ఆ దారాలు తెంపి చేతికి కంకణాల్లా చుట్టుకున్నవాళ్లు, వాటి సంగతి పెద్దయ్యాక తెలుసుకుని నాలుక కరుచుకుంటారు.

అన్నాళ్లు ఎవరూ ఎందుకు రాలేదు?

తాజంగి చెరువు అంత ప్రశాంతంగా ఎందుకుండేది? ఈ ప్రశ్న వేసుకునేవాళ్లు తక్కువ. దారి కష్టమని, హోటళ్లు లేవని అనుకుంటారు. అదొక్కటే కాదు... భయం!

గూడెం, చింతపల్లి అడవులు దశాబ్దాల పాటు పోలీసులకూ నక్సలైట్లకూ నడుమ నలిగాయి. 1987 డిసెంబరులో పక్కనే తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర ఐఏఎస్ అధికారులను పీపుల్స్‌వార్ అపహరించిన సంఘటన దేశమంతా మార్మోగింది. అపహరణకు గురైనవారిలో ఎస్.ఆర్.శంకరన్ కూడా ఉన్నారు. అలాంటి రోజుల్లో సరదాకని కొండెక్కేదెవరు? ఉద్యోగరీత్యా ఉన్నవాళ్లు ఉన్నారు, సంతకొచ్చే వ్యాపారులు వచ్చిపోయారు. అంతే. చీకటి పడితే రోడ్డు మీద బండి కనిపించేది కాదు. బాల్యంలో తాము చూసిన ఆ నిశ్శబ్దానికి వెల ఏమిటో, అది ఎవరు చెల్లించారో పిల్లలకేం తెలుస్తుంది! ఊళ్లలోని గిరిజన కుటుంబాలకు తెలుసు. అటు వారికి అన్నం పెట్టావని ఇటువారు, ఇటు వారికి దారి చూపావని అటువారు నిలదీసిన కాలం అది.

అంతకు ముందు కూడా ఈ దారి ప్రశాంతమైనదేం కాదు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు బాట వేయడానికి బ్రిటిషు కాలంలో మన్యం జనంతో అతి తక్కువ కూలికి చాకిరీ చేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు చెబితే జనం వణికేవారు. ఆ కడుపు మంటే అల్లూరి సీతారామరాజు వెనక మన్యాన్ని నిలబెట్టింది. 1922 ఆగస్టు 22న మొదటి దాడి చింతపల్లి పోలీసు స్టేషను మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కొత్త జిల్లాకు ఆయన పేరే పెట్టారు. వారాంతంలో హారన్లు మోగించుకుంటూ జనం ఎక్కే ఘాట్ రోడ్డు కథ ఇది.

భయం తగ్గి, సెల్‌ఫోను కెమెరాలు వచ్చాక గానీ లంబసింగి పేరు బయటి ప్రపంచానికి తెలీలేదు. 2010 తర్వాత నాలుగైదేళ్లలోనే చలికాలం తప్పక చూడాల్సిన ఊరైపోయింది. 2024లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది.

గట్టు మీద తిరనాళ్లు

మరి ఇప్పుడు? ఆదివారం పొద్దున్న తాజంగి గట్టు చూస్తే తిరనాళ్లే! జలాశయంలో పడవ షికారు, నీళ్ల మీదుగా తీగ పట్టుకుని జారే జిప్‌లైను వంటివి వచ్చాయి. బొంగులో చికెన్, మొక్కజొన్న పొత్తులు, డబ్బాల్లో స్ట్రాబెర్రీలు. రాత్రి బసకు రంగురంగుల గుడారాలు. తిరిగొచ్చినవాళ్ల ముఖాలు ఇక్కడే చిన్నబోతాయి. వనభోజనాల చెట్టు కింద కార్లు ఆపి ఉంటాయి. కొంగ వాలిన చప్పుడు వినిపించిన చోట సౌండు బాక్సుల మోత. మంచు విడిపోయేసరికి గట్టు వెంట ప్లాస్టిక్ గ్లాసులు, చిప్సు కవర్లు, ఖాళీ సీసాలు. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో చాలావాటి మీద దేశమంతటా నిషేధం ఉంది. ఆ సంగతి కొండ ఎక్కేటప్పుడు ఎవరికీ గుర్తున్నట్టు లేదు. పగిలిన సీసా పెంకు నేరుగా పోయేది దిగువ వరి మడిలోకే. అందులో దిగి నాటు వేసేది ఉత్త పాదాలతో.

ఇంతవరకూ తిరిగొచ్చినవాళ్ల బాధ న్యాయమే. 'అప్పుడే బాగుండేది' అని నిట్టూర్చడం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఎవరికి బాగుండేది?

క్వార్టర్స్ పిల్లలు వనభోజనానికి వచ్చిన రోజుల్లోనే, అదే గట్టు మీద అదే ఈడు పిల్లలు పశువులు కాసేవారు. బగతలు, కొండదొరలు, కొండకమ్మరలు... చుట్టుపక్కల గూడేల పిల్లలు. వాళ్లకు ఈ చెరువు ఆదివారం ఆటస్థలం కాదు, రోజూ తిరిగే నేల. స్వెట్టరు లేని చలి వాళ్లది. రాత్రంతా ఇంటి మధ్య నెగడు చుట్టూ ముడుచుకుని పడుకున్న చలి. వాళ్లు బదిలీ మీద కొండ దిగిపోలేదు, తిరిగి వచ్చే అవసరమూ రాలేదు. వాళ్లలో ఎందరికో ఇప్పుడు బొంగులో చికెన్ పొయ్యీ, గుడారాల అద్దే చలికాలపు ఆదాయం. కాఫీ గింజలు, మిరియాలు, పసుపు, రాజ్‌మా అమ్ముకోవడానికి సంతలో దళారి చెప్పిన ధర కోసం ఎదురు చూడక్కర్లేని వ్యాపారం ఇదొక్కటే. పాత నిశ్శబ్దమే కావాలని వాళ్లను అడగడానికి కారు దిగినవాళ్లకు నోరెలా వస్తుంది?

గట్టు ఎవరిది?

అసలు పేచీ సౌండు బాక్సులతో కాదు, నేలతో. ఈ కొండలు షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను సవరిస్తూ 1970లో తెచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్‌ను ఏజెన్సీలో చదువు రానివాళ్లు కూడా 'వన్ ఆఫ్ సెవెంటీ' అనే పిలుస్తారు. దాని ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారడం చెల్లదు. అమ్మకమైనా, కౌలైనా, బహుమతి అయినా సరే. ఇదే జిల్లాలోని అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద 'సమత' సంస్థ వేసిన కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. ప్రభుత్వం కూడా గిరిజనేతర వ్యక్తులకు, ప్రైవేటు కంపెనీలకు ఏజెన్సీ భూమిని లీజుకివ్వకూడదని తేల్చింది.

కాగితం మీద చట్టం ఇంత గట్టిగా ఉంటే, మంచు ఊళ్లలో గదులు లేస్తున్నదెలా? గిరిజనులు తమ నేలలో తాము కట్టుకున్నవి కొన్ని. పేరు ఒకరిది, పెట్టుబడీ లాభమూ మరొకరివిగా నడిచేవి ఇంకొన్ని అన్న ఆరోపణ మన్యమంతటా ఉంది. తాజంగి పక్కన రేపు ఓ పెద్ద రిసార్టు వెలిస్తే దాని యజమాని ఎవరు, అందులో గిన్నెలు కడిగేది ఎవరు? చెరువు పాతరోజుల్లా ఉండాలా వద్దా అన్నదానికంటే పెద్ద ప్రశ్న ఇదే. మిరపకాయ బజ్జీల బండి యజమాని ఆ ఊరివాడే అయినంతకాలం ఆదివారం రద్దీని ఎలాగోలా సర్దుకోవచ్చు.

రద్దీని సర్దుకోవడం ఎలాగో చెప్పడానికి ఉదాహరణలూ లేకపోలేదు. తెలుగు సినిమా పాటల పుణ్యమా అని మనందరికీ తెలిసిన ఊటీ సరస్సు సహజమైనది కాదు. 1820లలో జాన్ సల్లివాన్ అనే దొర తవ్వించింది. కొడైకెనాల్ సరస్సు 1863 నాటిది. రెండూ పడవల రేవులై, హోటళ్ల వలయాలై, ఊపిరాడని స్థితికి వచ్చాక 2024 మే 7 నుంచి అక్కడికి వెళ్లే బయటి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరైంది. అదీ మద్రాసు హైకోర్టు చెప్పాక. కొండ ఎన్ని బళ్లను మోయగలదో రెండు వందల ఏళ్లకు గానీ లెక్కేయలేదన్నమాట! లంబసింగికి ఈ హడావుడి మొదలైంది 2010 తర్వాతే. సౌండు బాక్సు ఘాట్ కిందే ఆపేయించడం, సీసాలకు డబ్బు కట్టించుకుని తిరిగి తెస్తే వాపసివ్వడం, బళ్లను దూరంగా ఆపించి గట్టు మీదికి నడిచే పంపడం... ఇవేవీ కోట్ల పనులు కావు. ఊరి పంచాయతీ చేతికి అధికారమిచ్చి, వచ్చిన డబ్బులో వాటా దానికే వదిలేస్తే చాలు. చెరువు శుభ్రంగా ఉంటే ఎవరికి లాభమో వాళ్ల చేతిలోనే కాపలా పెట్టడం కంటే తెలివైన పని మరొకటి కనిపించదు.

పిల్లలకు చూపించాలంటే...

చిన్నప్పటి తాజంగిని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు డిసెంబరు చివరి వారం, సంక్రాంతి సెలవులు తప్పించుకోవాలి. ఆ రోజుల్లో ఘాట్ రోడ్డులో గంటల కొద్దీ బళ్లు నిలిచిపోతుంటాయి. వలిసె పూలు కావాలంటే నవంబరు మొదట్లో, అదీ సోమవారానికీ శుక్రవారానికీ మధ్య వెళ్లాలి. రైలులో వచ్చేవాళ్లు అనకాపల్లిలోనో తునిలోనో దిగి నర్సీపట్నం చేరుకోవచ్చు. అక్కడి నుంచి లంబసింగి ముప్పై కిలోమీటర్ల లోపే. చింతపల్లి బస్సులు ఆ దారినే వెళతాయి. సొంత బండి అయితే రాత్రివేళ ఘాట్ ఎక్కకపోవడం మంచిది. మంచులో ఎదుటి బండి దీపం పది అడుగుల దాకా వచ్చేవరకు కనిపించదు. మబ్బుల సముద్రం చూడాలనే సరదా ఉంటే చెరువుల వేనం కొండ ఉంది. పేరులో చెరువులున్నా పైనుంచి కనిపించేవి మేఘాలే. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు వెంట ఉంటే తెల్లవారుజాము ప్రయాణం పెట్టుకోకూడదు. తాజంగిలో నీళ్లలోకి దిగనివ్వకూడదు. ఒడ్డు నుంచి చూస్తే లోతు తెలియదు.

జనం అక్కర్లేదనుకునేవాళ్లకు ఫిబ్రవరి ఉంది. వలిసె కోతలు అప్పటికే అయిపోయి, కొండవాలు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. స్ట్రాబెర్రీలు ఇంకా దొరుకుతాయి. గుడారాలు చాలావరకు మడిచేసి ఉంటారు. టీ కొట్టువాడికి తీరిక ఉంటుంది కాబట్టి గ్లాసు చేతికిచ్చి నాలుగు మాటలు మాట్లాడతాడు. తెల్లారి ఆరు గంటలకు నీటి మీద పొగ లేస్తుంటే, అవతలి గట్టున పశువుల మెడల్లో గంటలు వినిపిస్తాయి.